మంత్రిగారు కట్టిన గొర్రెల సంత

జిల్లాలో ఇంక ఒక్క గొర్రె కూడా ఎండలో నిలబడే పని లేదని మంత్రిగారు హిందూపురం కల్యాణమండపంలో ప్రకటించినారు. నేను రెండో వరసలో కూర్చోనుండాను గాబట్టి చెప్తాండా, అంత తొందరగా భవనం కట్టిన మహానుభావుణ్ణి నా డెబ్బై ఏండ్లలో చూడలేదు. ఒక్క ఇటుక వృథా కాలేదు.

ఆర్కిటెక్చర్ కాలేజీ ఆఖరి సంవత్సరం పిల్లోళ్ళు తాము గీసిన కట్టడాలకు థర్మాకోల్ మోడళ్ళు చేసి ఆడ ప్రదర్శనకు పెట్టినారు. మా చిలమత్తూరు ఓబన్న కూతురు పవిత్ర గొర్రెల సంత చేసింది. వారం వారం మా జీవాలు మాడే బయల్లోనే నాలుగు పొడుగు షెడ్లు, నీళ్ళ తొట్లు. మధ్యాహ్నం బెంగళూరు ఎగ్జామినర్ మార్కులేస్తే డిగ్రీ. వేయకపోతే ఐదేండ్ల చదువు గంగపాలు.

మంత్రిగారు ధర్మవరం పట్టు శాలువతో వంగి, గోరంత గొర్రెలను చూసి ముగ్ధులైనారు.

"ఎన్ని పడతాయమ్మా?"

"రెండు వేలు సార్."

"అప్పుడే వచ్చేసినాయే."

పని నాణ్యంగా ఉండాదని పక్కనున్న సర్కారు ఇంజనీరు నాగభూషణాన్ని మెచ్చుకున్నారు. అంతా తమరి చలవ అన్నాడాయన. గుమ్మంలో కత్తిరించిన రిబ్బన్ ముక్కనే మోడల్ చుట్టూ కట్టినారు. మంత్రిగారు దాన్నీ కత్తిరించి సంతను రైతులకు అంకితం చేసినారు. ఫోటోగ్రాఫరు నేల మీద పడుకొని తీసిన ఫోటో గంటలో అందరి ఫోన్లలోకి వచ్చేసింది. దాంట్లో షెడ్లు ఆకాశానికి తగులుతాండాయి.

భోజనం చేసి వచ్చిన ఎగ్జామినర్ ఆ ఫోటో పవిత్రకు చూపించి, కట్టేసిన భవనాన్ని చూసి గీస్తే డిజైన్ అంటారా అని అడిగినాడు. అది ఇంకా కట్టలేదని పిల్ల మొత్తుకునింది. ఎగ్జామినర్ నాగభూషణం వైపు తిరిగినాడు.

"కట్టినాం సార్," అన్నాడు నాగభూషణం. "ప్రారంభం కూడా అయిపాయె."

అయితే ఆ భవనాన్నే టేపుతో కొలిచి, ఉన్నది ఉన్నట్టు గీసి, వారంలో ఇంజనీరు సంతకంతో తెస్తే పాసు చేస్తానన్నాడు ఎగ్జామినర్.

మంత్రిగారి కాళ్ళమీద పడదామన్నాడు ఓబన్న. "వద్దు నాయనా, టేపు పట్టుకో," అనింది పవిత్ర.

సంతనాడు టేపు ఒక కొస నేను, ఒక కొస ఓబన్న పట్టుకొని పూటంతా కొలిచినాం. గొర్రెలు టేపు దాటుకొని పోతాండాయి. ఏమప్పా, ఏం కొలుస్తాండారని ఒక ముసలాయన అడిగినాడు. మంత్రిగారు కట్టిన భవనం అన్నాను. తలుపుకు అడ్డమున్నానేమోనని ఆయన పక్కకు జరిగినాడు.

పెనుకొండలో నాగభూషణం ఆఫీసుకు పోయి పవిత్ర షీటు పరిచింది. మూలన ఉత్తర దిక్కు బాణం, కింద స్కేలు, తన పేరు. మిగిలిందంతా తెల్ల కాగితం. నాగభూషణం దాన్ని తిప్పి వెనక కూడా చూసినాడు.

"తప్పుంటే చెప్పండి సార్," అనింది పవిత్ర. "ఆడికే పోదాం. మీరు చూపిస్తే దిద్దుకుంటా."

ఆయన పెన్ను మూత తీసినాడు. 'స్థలంలో ఉన్న భవనంతో సరిచూడడమైనది, ఏ తేడా లేదు' అని రాసి, సంతకం చేసి సీలు కొట్టినాడు.

ఎగ్జామినర్ నూటికి తొంభై రెండు వేసినాడు. మరుగుదొడ్లు చూపించలేదని ఎనిమిది తగ్గించినాడంట.