మా ఆయన తెచ్చిన తుఫాను

మా ఆయన వాతావరణ శాస్త్రం మొదలుపెట్టింది సరిగ్గా డిసెంబరు తొమ్మిదిన, రెండు పెయింటు డబ్బాలు ఇంట్లోకి వచ్చిన పూట.

అంతకుముందు ఆయనకు ఆకాశంతో పెద్దగా పరిచయం లేదు. ఆరేసిన బట్టలు తడిసి ముద్దవుతున్నా, వాన పడుతోందని నేను చెబితే తప్ప తెలిసేది కాదు.

క్రిస్మస్‌కు ముందు మా సంఘంలో రోజుకొకరి ఇంట్లో సాయంత్రం ప్రార్థన కూడిక జరుగుతుంది. ఈసారి మా వంతు పదిహేడో తారీఖు. నలభై మంది వచ్చి మా ముందుగదిలో కూర్చుంటారు. ఆ గది గోడలేమో మూడేళ్లుగా పెచ్చులు రాలుస్తున్నాయి. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకునే ఉంటారు కాబట్టి పర్వాలేదని ఆయన వాదన. టీ తాగేటప్పుడు తెరుస్తారు కదా అని నా వాదన.

"పెయింటర్ ఎందుకు? వారం రోజులు లీవ్ పెట్టి నేనే వేస్త" అని సెప్టెంబరులో మాట ఇచ్చింది ఆయనే. లీవ్ కూడా పెట్టారు. ఆ లీవునంతా మంచం మీదే ఎలా గడపాలా అని ఆలోచిస్తుండగా బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది. ఆయన మొహం వెలిగిపోయింది.

పేరుకు బైబిల్లోని బలశాలి శాంసన్. గ్యాస్ సిలిండర్ వచ్చిన చప్పుడైతే బాత్రూంలో దూరే రకం.

"ప్రసన్నా, పేపర్ చూసినవా? ఉమ్మడి వరంగల్ జిల్లాల అక్కడక్కడ మోస్తరు వానలట."

"ఆ అక్కడక్కడల మన ఇల్లున్నదా?"

"ఉండే అవకాశం ఉన్నదన్నరు."

"నా ఫోన్ల ఎండ సూపెడతాంది."

"నా ఫోన్ల ఉరుము సూపెడతాంది. తడికి పెయింటు ఆరుతదా? జర ఆగుదాం."

ఒకే ఇల్లు, రెండు ఫోన్లు, రెండు ఆకాశాలు.

నాతో అయితే సంగతి అక్కడితో ముగిసేది. కానీ మధ్యలో మా అత్తమ్మ దీనమ్మ వచ్చింది. ఆమెలో దీనంగా ఉండేది పేరొక్కటే.

"ఏందిరా శాంసనూ, డబ్బా మూత ఇంకా దియ్యలే?"

ఆమెను ఒప్పించడానికి మోస్తరు వాన చాలదని ఆయనకు తెలుసు. అందుకే వానను పెంచారు.

"అమ్మా, ఇది మామూలు వాన గాదే. తుఫాను! గాలికి ఇండ్ల మీది పెంకలు లేచిపోతయట!"

తప్పు అక్కడ జరిగింది. అత్తమ్మ తమ్ముడు రత్నం మామయ్యది వర్ధన్నపేట అవతల పల్లెలో పెంకుటిల్లు.

"అయ్యో దేవా! మరి నా తమ్ముని సంగతేంది?" అత్తమ్మ చేయి అప్పటికే ఫోన్ మీద ఉంది.

"అంత ఫికర్ లేదమ్మా, అటు దిక్కు గాలి తక్కువనే..."

"అటు తక్కువైతే ఇటు గూడ తక్కువనే గదా?" అన్నాను, పప్పులో రాళ్లు ఏరుతూ. "మరి డబ్బా మూత దీస్తరా?"

ఆయన డబ్బా వైపు చూశారు. అమ్మ వైపు చూశారు. తుఫాను వస్తే మామ వస్తాడు. రాకపోతే బ్రష్షు పట్టాలి. పాపం, ఇంత ఇరకాటం ఏ వాతావరణ అధికారికీ వచ్చి ఉండదు.

"రమ్మను" అన్నారు నీరసంగా.

"నేను మాట్లాడుత అత్తమ్మా" అని ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లాను. అక్కడ సిగ్నల్ బాగుంటుంది.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. రత్నం మామయ్య, ఆయన భార్య మార్తమ్మ, ఇద్దరు కోడళ్లు, ముగ్గురు పిల్లలు, గంప కింద ఐదు కోళ్లు, వానకు తడవకూడదని ఎనిమిది సంచుల పత్తి. నెమ్ము తగలని చోటు ఇంట్లో మా పడకగది ఒక్కటే. అలా మా ఆయన లీవు గడపాల్సిన మంచం మీద పత్తి పడుకుంది. ఆయనకు వంటింటి గడప దగ్గర, కోళ్ల పక్కన చాప దొరికింది.

ఇక అందరం కలిసి తుఫాను కోసం కూర్చున్నాం.

పదకొండున మబ్బు పట్టింది. మా ఆయన డాబా ఎక్కి, పెళ్లివారి కోసం ఎదురుచూసినట్టు నిలబడ్డారు. ఓ పది చుక్కలు రాలాయి. "చూసిండ్రా!" అని కిందికి పరుగెత్తి వచ్చి మమ్మల్ని పైకి తీసుకుపోయేసరికి డాబా ఆరిపోయింది.

పన్నెండున వాయుగుండం సముద్రంలోనే బలహీనపడిందని వార్త వచ్చింది. ఎండ ఫెళ్లున కాసింది.

"ఏదిరా అల్లుడా నీ తుఫాను?" అన్నారు మామయ్య.

"దిశ మార్చుకున్నది మామా. మల్ల వచ్చే ఛాన్స్ ఉన్నది. ముప్పై శాతం."

"మిగిలిన డెబ్బై శాతంల ఏం జేద్దాం మరి?" అంటూ మామయ్య తలుపు వెనక నుంచి పెయింటు డబ్బాలు బయటికి లాగారు. నలభై ఏళ్లు ఇళ్లకు సున్నాలు వేసిన మేస్త్రి ఆయన.

మా ఆయన మొహం మళ్లీ వెలిగింది. మామ రంగు వేస్తాడు, తను నడుం వాలుస్తాడు. "నీ చేతి పనికి తిరుగుంటదా మామా! నేను అడ్డం రాను" అంటూ చాప వైపు నడిచారు.

"ఎటు పోతానవ్? మేస్త్రి ఎక్కడన్న గీకుడు పని జేస్తడారా? రా, పెచ్చులు గీకు. మీ తాత కాలం రంగు కనవడాలె."

"పైపైన ఒక్క కోటింగ్ కొడితే..."

"పైపైన కొట్టేది మొఖానికి పౌడర్. గోడకు గాదు."

మామయ్య కుర్చీ వేసుకుని కూర్చుని, ఓ గోనెసంచి విప్పారు. గీకుడు రేకులు, గోడ గుంతలు పూడ్చే లప్పం పెట్టే పలకలు, గరుకు కాగితాలు, నాలుగు బ్రష్షులు. రంగు పడకుండా తలకు కట్టుకునే పాత తువ్వాల కూడా.

మా ఆయన ఆ సంచిలోకి తొంగి చూశారు.

"మామా, తుఫానుకు భయపడి వచ్చినోనివి, ఇవన్ని ఎందుకు దెచ్చినవ్?"

"కోడలు పిల్ల ఫోన్ల చెప్పింది గదరా. తుఫాను సంగతి దేవునికెరుక మామయ్యా, గోడల సంగతి మాత్రం పక్కా అన్నది."

ఆయన నా వైపు తిరిగారు. నేను చాలా శ్రద్ధగా కోళ్లకు నూకలు వేస్తున్నాను.

గీకుడు, లప్పం, ప్రైమర్, రెండు కోటింగులు. ముందుగదితో మొదలై వంటింటి దాకా పాకింది పని. మామయ్య కుర్చీ దిగలేదు, మా ఆయన నిచ్చెన దిగలేదు. పదహారో తారీఖు సాయంత్రానికి గోడల మీద భారీగా, మా ఆయన మీద ఓ మోస్తరుగా రంగు పడింది.

మర్నాడు కూడికకు వచ్చిన నలభై మందీ గోడలనే చూశారు. శాంసన్ స్వయంగా వేశాడని అత్తమ్మ అందరికీ చెప్పింది. ఆడవాళ్లు తమ తమ భర్తల వైపు చూశారు. ఆ భర్తలు మా ఆయన వైపు కోపంగా చూశారు.

పాస్టర్ గారు ప్రార్థన అందుకున్నారు. పంటల కోసం, రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం. ఐదు రోజుల అలసటతో మా ఆయన కళ్లు నిజంగానే మూతలు పడ్డాయి. అయినా అలవాటు తప్పకుండా ప్రతి మాటకూ "ఆమెన్" అంటూనే ఉన్నారు.

"...ప్రభువా, కష్టమెరిగిన ఈ బిడ్డ చేతులతోనే, కొత్త సంవత్సరంలోపు నీ మందిరం గోడలకు కూడా రంగు వేయించు తండ్రీ!"

"ఆమెన్!" అన్నారు మా ఆయన, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా.

ఆయన కళ్లు తెరిచేసరికి, మందిరం గోడలు ఎంత ఎత్తుంటాయో రత్నం మామయ్య పాస్టర్ గారిని అడుగుతున్నారు.