మీరెవరో నాకు తెలీదు

ఆ రోజు పొద్దున కస్టమ్స్ ఆఫీసరు తన యూనిఫాం చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు. విమానాశ్రయంలో అధికారుల పనిని ఉన్నదున్నట్టు చూపించే టీవీ కార్యక్రమం వాళ్లు మూడు రోజుల కోసం వచ్చారు. రెండు రోజులు గడిచిపోయాయి. పక్క బల్లల దగ్గర తాబేళ్లూ సిగరెట్లూ దొరికాయి గానీ, ఇతని మూడో నంబరు బల్ల దగ్గర గుండుసూది కూడా దొరకలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్కసారైనా టీవీలో కనిపించాలని అతని కోరిక. భార్య అప్పుడే బిల్డింగంతా చాటింపు వేసేసింది.

గోరుచుట్టుపై రోకటిపోటులా, విదేశం నుంచి తిరిగొస్తున్న అత్తగారి విమానం కూడా ఆ రోజే దిగుతోంది. అయినవాళ్ల సామాను సోదా చేయకూడదని రూలు. సంగతి పొక్కితే కెమెరా పక్క బల్లకు పోతుంది.

"ఆఫీసువాళ్లు ఎవరడిగినా మీ అమ్మ వస్తోందని చెప్పకు," అని భార్యకు చెప్పి, అత్తగారికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, నన్ను పలకరించకండి. నేనెవరో తెలీనట్టే ఉండండి."

"అంతగా చెప్పాలా బాబూ? ఆ ప్రోగ్రాం నేను ఒక్కటీ వదలను!"

మాటంటే మాటే ఆవిడకు. అల్లుడు కంటపడగానే శాలువా ముఖం మీదికి లాక్కుంది. స్తంభం చాటుకు వెళ్లింది. వరుస మార్చి, మళ్లీ మార్చి, చక్రాల పెట్టెతో పరుగులాంటి నడక అందుకుంది.

"సార్, ఆవిడ మిమ్మల్ని చూసే దాక్కుంటోంది! ఆపండి!" అని డైరెక్టరు గంతేశాడు.

'మా అత్తగారు' అన్న మాట ఆఫీసరు నాలుక చివరి దాకా వచ్చింది. కెమెరా ఎర్రలైటు చూసి మింగేశాడు.

"ఈ ఊళ్లో తెలిసినవాళ్లు ఉన్నారామ్మా?"

"ఒక్కరూ లేరు. మీరెవరో కూడా నాకు తెలీదు!"

పెట్టె తెరవక తప్పలేదు. చీరల మధ్య ఫ్రేము కట్టించిన పెద్ద ఫొటో. అందులో నవ్వుతున్నది సాక్షాత్తూ ఆఫీసరే. కూతురి పెళ్లిరోజుకని ఆవిడ ముచ్చటపడి చేయించింది. దాని కింద, కూతురు ఫోన్లో చెబుతుంటే రాసుకున్న కాగితం. వెనక నుంచి పెద్దాఫీసరు దాన్ని పైకి చదివాడు. "డ్యూటీ ఆరు నుంచి రెండు దాకా. మూడో నంబరు బల్ల. పదింటికి టీకి లేస్తారు... ఎన్నాళ్లుగా సాగుతోందయ్యా ఈ వ్యవహారం?"

ఆఫీసరు గబుక్కున ఆయన వైపు తిరిగాడు. ఇప్పుడు పోయేది టీవీ అవకాశం కాదు, ఉద్యోగం. "సార్, ఆవిడ మా అత్తగారండీ!"

"నాకు అల్లుడే లేడు!" అంది ఆవిడ, కెమెరా వైపు తిరిగి మరీ.

ఇద్దర్నీ విచారణ గదిలో కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్లుగా ఎందరినో కూర్చోబెట్టిన ఆ కుర్చీ ఇంత గట్టిగా ఉంటుందని ఆఫీసరుకు అప్పుడే తెలిసింది. పెద్దాఫీసరు అతని ఇంటికి ఫోన్ చేశాడు.

"మా అమ్మా? ఊళ్లోనే ఉందండీ. ఇవాళ మా ఇంటికి ఎవరూ రావట్లేదే!" అంది భార్య, చెప్పింది చెప్పినట్టు.

"మహాతల్లీ, నిజం చెప్పేయండి!" అని అల్లుడు చేతులు జోడించాడు.

"చెప్పమంటారా? మళ్లీ నన్ననకూడదు మరి," అని ఆవిడ గొంతు సవరించుకుంది. "మా అల్లుడు బంగారమండీ!" ఆ మాటకు పెద్దాఫీసరు పెట్టెను ఇంకోసారి తిరగేశాడు. చివరికి ఆవిడ ఫోన్లోని రెండువందల పెళ్లి ఫొటోలు చూశాక గానీ ఆయన వాళ్లను వదల్లేదు. అల్లుణ్ని మాత్రం నెలరోజులు ఫైళ్ల గదికి పంపాడు.

కార్యక్రమం వచ్చిన రోజు బిల్డింగు బిల్డింగంతా వాళ్ల హాల్లోనే ఉంది. తన ముఖం చూపించడానికి సంతకం పెట్టి ఒప్పుకున్న అత్తగారు తెరనిండా వెలిగిపోయింది. ఆఫీసు పరువు పోతుందని పైవాళ్లు ఆఫీసరు ముఖాన్ని మాత్రం మసకగా చెరిపించేశారు. టీవీవాళ్లేమో 'నాకు అల్లుడే లేడు' దగ్గర కత్తిరించి ముగించారు.

"మీ అమ్మగారు భలే చేశారండీ! మీవారు ఎక్కడా కనబడలేదే? ఇంతకీ ఆ మసక ముఖం దొంగెవరు?" అంది ఎదురింటావిడ.

ఆఫీసరు ఆశగా భార్య వైపు చూశాడు.

"ఎవరోనండీ, మాకు తెలీదు," అంది ఆవిడ, అచ్చం తల్లిలాగే.