నీలం సంచీ వెనక మూడు వందల ఆవులు

మంగళవారం తెల్లవారకముందే అక్క తమ్ముడి ప్రయాణానికి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. బస్సు ఎనిమిదిన్నరకి. పట్నంలోని పశుపోషణ శిక్షణ కేంద్రం వాళ్ళు ఉత్తరం రాశారు: మూడు రోజులు వచ్చి మాట్లాడండి, అన్నీ కుదిరితే ఇక్కడే ఉండి నలుగురికీ నేర్పుదురుగాని, అని. తమ్ముడు ఆ ఉత్తరంలో మొదటి సగమే చదివి వినిపించాడు. రెండో సగం అక్క తనే కూడబలుక్కుని చదువుకుంది.

"మూడ్రోజులే కదక్కా."

"మీ బావ రెండ్రోజులే అన్నాడు. పదకొండేళ్ళయింది."

తమ్ముడు పళ్ళు తోముకోవడానికి వెళ్ళాడు.

వాళ్ళది రెండు వేల ఎకరాల పశుక్షేత్రం. దాన్ని తమ్ముడు కాగితం మీద నలభై గడులుగా గీశాడు. మూడు వందల ఆవులు ఒక్కో గడిలో ఒక్క రోజే మేస్తాయి. తర్వాత ముప్పైతొమ్మిది రోజులు ఆ గడిలో గిట్ట పడకూడదు. గడ్డి వేళ్ళు లోతుకి దిగుతాయి, పేడ అంతటా సమంగా పడుతుంది, వాన నీళ్ళు కొట్టుకుపోకుండా నేలలోకి ఇంకుతాయి. గడుల చుట్టూ సన్నని కరెంటు తీగ ఉంటుంది. ఆ కరెంటు ఇంటి వెనకున్న సోలార్ ప్యానెల్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి తీగకి వెళుతుంది. నీళ్ళు గాలిమర తోడుతుంది. ఇంక ఆ క్షేత్రంలో ఒకరు నడిపితే తప్ప నడవనిది మంద ఒక్కటే.

దాన్ని నడిపేవాడు ఉప్పాయన. ఇరవైరెండేళ్ళుగా కాపరి. కర్ర పట్టడు, కేక వెయ్యడు. రోజూ ఎనిమిదింటికి నీలం సంచీలో ఉప్పు పోసుకుని, భుజాన తగిలించుకుని ముందు నడుస్తాడు. మంద వెనక నడుస్తుంది. కొత్త గడిలోకి వెళ్ళాక తొట్టిలో ఉప్పు పోస్తాడు. అంతే విద్య. తమ్ముడు తన పటాల్లో ఈ పనికి ఒక బాణం గుర్తు వేసి ఊరుకున్నాడు. ఆ బాణం నడవడం తను ఎన్నడూ చూడలేదు. ఆ వేళకి టీ తాగుతూ ఉంటాడు.

అక్క చేసినవి రెండే పనులు, రెండూ ప్రేమకొద్దీ చేసినవే. నిన్న పొద్దున ఉతికిన బట్టలు వేళకి ఆరవేమోనన్న భయంతో వాటిని దండెం మీద కాకుండా నల్లగా, వెచ్చగా ఉన్న ప్యానెల్ మీద పరిచింది. ఐదు చొక్కాలు, రెండు ప్యాంట్లు, మిగిలిన చోట ఒక దుప్పటి. ఇవాళ తమ్ముడి పెట్టె పిడి ఊడి చేతిలోకి వచ్చేసరికి, గుమ్మం పక్క మేకుకున్న నీలం సంచీ తీసి దులిపి బట్టలు సర్దింది. ఉప్పు కుండలో పోసింది. ఉప్పు ఎందులో ఉన్నా ఉప్పే కదా అనుకుంది.

ఎనిమిదింటికి తమ్ముడు సంచీ భుజాన వేసుకుని, కంచె పక్క బాటన బస్సు స్టాపుకి బయలుదేరాడు.

పన్నెండో గడిలో ముసలి ఆవు తలెత్తి చూసింది. ఈ మనిషి ఉప్పాయన కాడు. సంచీ మాత్రం అదే. ముక్కు ముందుకు చాచి తీగని తాకింది. తీగ ఏమీ అనలేదు. అది తీగ తొక్కి బాట మీదికి వచ్చింది. మిగతా రెండు వందల తొంభైతొమ్మిదీ పెద్దల మాట జవదాటేవి కావు.

వెనక చప్పుడు విని తమ్ముడు ఆగాడు. ఆవులూ ఆగాయి. నడిచాడు. నడిచాయి. పరిగెత్తాడు. అవి అతన్ని నిరాశపరచలేదు.

"పోండి వెనక్కి, పోండి," అంటూ వాటిని అదిలించడానికి చేతికందిన సంచీనే గాల్లో ఊపాడు. వెనకబడ్డ దూడలు కూడా అందుకున్నాయి. బాట చాలక మంద పక్క గడుల్లోకి దిగింది. ముప్పైతొమ్మిది రోజుల విశ్రాంతిలో ఉన్న ఏడు గడులు పావుగంటలో లేచి కూర్చున్నాయి.

ఇంటి దగ్గర ఉప్పాయన గుమ్మంలో నిలబడి మేకు వంక చూస్తున్నాడు.

"అమ్మగారూ, నా సంచీ ఏది?"

"తమ్ముడికి ఇచ్చానయ్యా. ఉప్పు కుండలో ఉంది, పట్టుకెళ్ళు."

"కుండ వెనక అవి రావమ్మా."

"ఏం, కుండకి ఏం తక్కువ?"

ఉప్పాయన దూరంగా లేస్తున్న దుమ్ము వైపు చూశాడు. తర్వాత ప్యానెల్ మీది దుప్పటి వైపు చూశాడు. తర్వాత పరుగు అందుకున్నాడు. వెనకే అక్క.

వాళ్ళు వెళ్ళేసరికి బస్సు మంద నడుమ నిలబడి ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తమ్ముణ్ణి అడుగుతున్నాడు.

"ఇవన్నీ మీతోనేనా అండీ? నిలబడి వచ్చేట్టయితేనే ఎక్కించండి."

"సంచీ ఇలా పారేసి బస్సెక్కండి చిన్నయ్యగారూ," అన్నాడు ఉప్పాయన.

సంచీ ఉప్పాయన భుజానికి మారగానే మంద కూడా అటు తిరిగింది. మెట్టు మీద నిలబడ్డ తమ్ముడు అక్కని చూశాడు.

"కంచెలో కరెంటెందుకు లేదక్కా?"

"చొక్కాలు ఆరేశానురా."

"కావాలనే చేశావు కదూ. నేను వెళ్ళకూడదనే."

బస్సు కదిలింది. తమ్ముడు వెళ్ళొస్తాను అని కూడా అనలేదు.

మందని తిరిగి పన్నెండో గడిలో చేర్చేసరికి పదకొండయింది. ఉప్పాయన ఖాళీ చెయ్యడానికి సంచీ తెచ్చాడు. చొక్కాల కింద నలభై గడుల పటాలు, కేంద్రం వాళ్ళ ఉత్తరం ఉన్నాయి. పటాలు లేకుండా తమ్ముడు అక్కడ చెప్పగలిగింది ఏమీ లేదు. చొక్కాలు లేకుండా ఎన్నాళ్ళో ఉండనూ లేడు. సంచీ ఇక్కడే ఉంటే తమ్ముడు తిరిగొచ్చేసినట్టే. అక్క పాలు పొంగేటంత సేపు దాని ఎదురుగా కూర్చుంది. కావాలనే చేశావు కదూ అన్న మాట మళ్ళీ వినిపించింది.

"ఒంటిగంట బస్సుకి వెళ్ళి ఇది ఇచ్చిరావయ్యా," అంది.

"నేనా? పట్నం మొహం ఎరగనమ్మా."

"ఎరగక్కర్లేదు. ఇచ్చి వచ్చెయ్యి."

"సరేనమ్మా, సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను. నాకక్కడేం పని? వెళ్ళొస్తాను."

ఉప్పాయన గురించి బెంగపడాలని ఎవరికీ తోచలేదు. అక్క గుమ్మం దాకా కూడా రాలేదు. ప్యానెల్ మీది దుప్పటి తీస్తోంది.

సాయంత్రం బస్సుకి ఉప్పాయన దిగలేదు. బుధవారమూ దిగలేదు. మంద పన్నెండో గడిలోనే నిలబడి నేలని నున్నగా గొరిగింది. అక్క కుండతో వెళ్ళి పిలిచింది, బతిమాలింది, ఒకసారి తిట్టింది కూడా. ఒక్కటీ కదల్లేదు.

గురువారం సాయంత్రం తమ్ముడు దిగాడు. చొక్కాలు పాత పేపరులో చుట్టి ఉన్నాయి.

"ఉద్యోగం ఇచ్చారా?" అంది అక్క.

"ఇచ్చారు."

అక్క అరుగు మీద కూలబడింది.

"ఉప్పాయనకి," అన్నాడు తమ్ముడు. "నన్ను అన్నీ అడిగారు. గడి లెక్క చెప్పాను, వేళ్ళ లోతు చెప్పాను, సోలారు చెప్పాను. మూడు వందల ఆవుల్ని రోజూ మార్చడానికి ఎంతమంది మనుషులు కావాలన్నారు. నాకేం తెలుసు? సరిగ్గా అప్పుడే ఆయన సంచీతో గుమ్మంలోకొచ్చాడు. ఒకడే అండీ అన్నాడు. కూర్చోబెట్టారు. గంటన్నర చెప్పాడక్కా. నా పటాలు ఆయన కింద పరుచుకున్నాడు."

"మరి సంచీ?"

"బల్ల మీద పెట్టించుకున్నారు. నేర్పడానికి కావాలిట."

అక్క అదే రంగు గుడ్డ వెతికి కొత్త సంచీ కుట్టింది. ఆవులు రెండు రోజులు దాన్ని అనుమానంగా చూసి మూడో రోజున వెనక నడిచాయి. ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి అది భుజాన వేసుకుని ముందు నడిచేది తమ్ముడే. తిరిగొచ్చాక టీ తాగుతాడు. ఎక్కడికీ వెళ్ళలేదు.

సాయంత్రానికి వచ్చేస్తానని ఆ మంగళవారం ఒంటిగంట బస్సెక్కిన ఉప్పాయన ఇవాళ్టికి ఆరేళ్ళయినా తిరిగి రాలేదు.