ముందు చుర్మా, తర్వాతే కుర్జాలు

ఎడారిలో జంతువుల్నీ పక్షుల్నీ చూడ్డానికి వచ్చే టూరిస్టులంత మంచివాళ్ళు ఈ భూమ్మీద లేరు! ఈ మాట అన్నందుకు మా ఊళ్ళో కొందరు నన్ను కొరికేసేలా చూస్తారు. చూడనివ్వండి. నిజం చెప్పడానికి భయమెందుకు?

థార్ ఎడారిలో ఇసుక దిబ్బల మధ్య ఉంటుంది మా ఊరు. ఏటా చలికాలం రాగానే కుర్జా కొంగలు హిమాలయాలు దాటుకుని వేలకు వేలు ఇక్కడికి వస్తాయి. ఊరంతా కలిసి వాటికి జొన్నలు పోస్తాం. తాతల నాటి నుంచీ ఇదే అలవాటు. పూర్వం అవి ఏం చేసేవి? దిగేవి, తినేవి, పోయేవి. ఒళ్ళు వంచే పనే లేదు! అలా కూర్చోబెట్టి మేపితే ఏ ప్రాణికైనా కొవ్వు పట్టదా? పాపం, మాకు ఆ ఆలోచనే రాలేదు.

టూరిస్టులకు వచ్చింది. ఇప్పుడు కుర్జాలు నేలకు దిగబోతుంటే ఒకాయన చప్పట్లు కొడతాడు. ఎగురుతుంటే ఫొటో బాగుంటుందట. అవి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ దిగబోతాయి. ఈసారి ఇంకొకాయన ఈల వేస్తాడు. హిమాలయాలు దాటినప్పుడు కూడా వాటికి ఇంత వ్యాయామం జరిగి ఉండదు!

వాళ్ళ బట్టల మాట చెప్పనా? ఆకుపచ్చ మచ్చల చొక్కా, ఆకుపచ్చ మచ్చల టోపీ. చెట్ల మధ్య కలిసిపోవాలని. చెట్లేవి? మా ఇసుకలో ఆ పచ్చదనం ఆమడ దూరానికి కనిపిస్తుంది. మా మేకలు ఆశగా వెంటపడతాయి. వానలు లేని ఏడాది ఆ మాత్రం పచ్చదనం వాటికి ఇంకెవరు చూపిస్తారు?

మా ఊరి పక్కనున్న జింకల పార్కు సంగతీ అంతే. మునుపు కృష్ణజింకలకు కాలక్షేపమే ఉండేది కాదు. గడ్డి, ఇసుక, మళ్ళీ గడ్డి. ఇప్పుడు జీపుల నిండా మనుషులు! జింకలు వరసగా నిలబడి కళ్ళప్పగించి చూస్తాయి. వాటికి టికెట్టు కూడా లేదు. మొన్న ఒకావిడ గైడుని, "పులి ఎన్నింటికి వస్తుంది?" అని అడిగింది. ఈ ఎడారిలో పులి లేదని చెప్పి అంత దూరం నుంచి వచ్చిన మనిషి మనసు నొప్పిస్తాడా? "ఇవాళ దానికి సెలవు మేడమ్" అన్నాడు. ఆవిడ తృప్తిగా తల ఊపి, సెలవు ఇవ్వడం మంచిదే అంది.

ఇంత ఆనందంలో ఉండగా, ఈ చలికాలం ఆనందం కాస్త మితిమీరింది.

ముంబై నుంచి కపాడియా సాబ్ అనే పెద్దమనిషి స్నేహితులతో వచ్చి మా ఇంట్లోనే దిగాడు. మా మిద్దె మీద నుంచి జొన్నలు పోసే మైదానం అంతా కనిపిస్తుంది మరి. ఆయన దగ్గర డ్రోన్ ఉంది. తెల్లవారగానే దాన్ని ఎగరేశాడు. కుర్జాలు అది గద్ద అనుకుని కిందికి దిగలేదు. పైపైనే తిరిగి తిరిగి, అరిచి అరిచి, ఆకలితోనే వెళ్ళిపోయాయి. మర్నాడూ అంతే.

మూడో పొద్దు కూడా దిగకపోతే కుర్జాలు వేరే ఊరు చూసుకుంటాయి. ఒకసారి వదిలేసిన చోటి దారి తమ పిల్లలకు నేర్పవు. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. రోజూ జొన్నలు పోసే కోజారామ్ కాకా సాయంత్రం మా అరుగు మీద తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ గాలిపురుగును ఎత్తుకుని పొమ్మని చెప్పరా తమ్ముడూ!" అన్నాడు మా నాన్నతో.

"ఇంటికొచ్చినవాణ్ణి పొమ్మనాలా? రేపు నా పాడె మొయ్యడానికి కూడా ఎవడూ రాడు భాయీసా!"

"అయితే కుర్జాలు ఇంటికొచ్చినవాళ్ళు కారా?"

నాన్న గడ్డం గోక్కున్నాడు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్న మా దాదీసా, అంటే నాన్నను కన్న తల్లి, గొంతు సవరించుకుంది. "నోళ్ళు ముయ్యండిరా ఇద్దరూ! ఎవర్నీ పొమ్మనక్కర్లేదు. మనకి మనుహార్ లేదూ?" అని నావైపు తిరిగింది. "పిడకలు తీసుకురావే. నెయ్యి డబ్బా కూడా. ఆ చిన్నది కాదు, పెళ్ళిళ్ళకు తీసేది."

మనుహార్ అంటే బతిమాలి బతిమాలి వడ్డించడం. మా వైపు అతిథి "చాలు" అన్నాడంటే ఇంకా మొదలుపెట్టలేదని అర్థం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే నెయ్యి పోస్తాం.

చీకటి విడుతుండగా కపాడియా సాబ్ డ్రోన్ చంకలో పెట్టుకుని బయల్దేరాడు. దాదీసా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఖాళీ కడుపుతో గడప దాటితే నేను చచ్చినంత ఒట్టు. రెండు ముద్దలు తినిపో బేటా."

గోధుమపిండి ఉండల్ని నిప్పుల్లో కాల్చి నేతిలో ముంచిన బాటీలు. వాటినే దంచి, బెల్లం కలిపి, మళ్ళీ నెయ్యి పోసిన చుర్మా.

"ఇది మీ అమ్మ పేరు మీద తిను."

"చాలు దాదీసా..."

"అమ్మతో చాలా? నాన్న నీకేం అపకారం చేశాడు? ఇదిగో, ఆయన పేరు మీద. పెళ్ళయిందా?"

"అయింది."

"అయితే అత్తగారి పేరు మీద ఒకటి. వద్దా? వద్దను చూద్దాం, ఫోన్ చేసి ఆవిడకే చెబుతాను!"

కపాడియా సాబ్‌ది ఉమ్మడి కుటుంబం. అది ఆయన దురదృష్టం.

పెద్దమేనత్త పేరు దగ్గర ఆయనకు మాట పోయింది. చిన్న బాబాయి పేరు దగ్గర కళ్ళు మూతలు పడ్డాయి. స్నేహితులు అంతకుముందే మంచాల మీద ఒరిగారు. నీరెండ వాళ్ళ మీద దుప్పటిలా పరుచుకుంది. డ్రోన్ ఆయన పొట్ట మీద కూర్చుని గురకతో పాటు పైకి లేస్తూ, కిందికి దిగుతూ ఉంది. ఆ పూట అది ఎగిరిన ఎత్తు అంతే!

అప్పుడు మైదానంలో ఒక కుర్జా దిగింది. మెడ సాచి అటూ ఇటూ చూసింది. దాని వెనక ఇంకో నాలుగు. ఆ తర్వాత ఆకాశమే రెక్కలు ముడుచుకుని కిందికి దిగినట్టు, మొత్తం మందంతా! జొన్నలు పోసి వచ్చిన కోజారామ్ కాకా కళ్ళు తుడుచుకుంటూ, కళ్ళలో పొగ పడిందన్నాడు. పొయ్యి ఆరి అప్పటికే చాలాసేపయింది.

ఎండ నడినెత్తికి వచ్చాక కపాడియా సాబ్ ఉలిక్కిపడి లేచి మిద్దె ఎక్కాడు. మైదానంలో పావురాలు తప్ప ఏమీ లేవు.

"బర్డ్స్ ఏవి దాదీసా?"

"వచ్చారు బేటా, తిన్నారు, వెళ్ళారు. నువ్వు పడుకున్నావని చప్పుడు చెయ్యలేదు. వాళ్ళకి మర్యాద తెలుసు."

అందుకే మళ్ళీ చెబుతున్నాను. టూరిస్టులంత మంచివాళ్ళు ఈ భూమ్మీద లేరు! ముఖ్యంగా నిద్రపోతున్నప్పుడు.

తప్పకుండా రండి. ఆకుపచ్చ చొక్కాలు, ఈలలు, డ్రోన్లు అన్నీ తెచ్చుకోండి. ఒక్కటే మనవి, దారిలో టిఫిన్ మాత్రం చెయ్యకండి. మా ఇంట్లో నెయ్యి కాగుతోంది.