పన్నెండేళ్ళ పర్యటన

ఎల్మర్ గారు పన్నెండేళ్ళ కిందట కెనడా నుంచి కోస్టారికాకు పర్యాటకులుగా వేంచేశారు. నేటికీ పర్యటిస్తూనే ఉన్నారు. పర్యటన యావత్తూ ఓతిలియా ఇంట్లోనే, వసారాలోని ఊయలకూ వంటింట్లోని భోజనాల బల్లకూ మధ్య నిరాటంకంగా సాగుతోంది.

చట్టం దయగలది. పర్యాటకుడన్నవాడు మూడు నెలలకోసారి సరిహద్దు దాటి, అవతలి గాలి కాస్త పీల్చి తిరిగొస్తే, అప్పుడే విమానం దిగిన కొత్త మనిషి కింద లెక్క. అందుచేత మూడు నెలలకోసారి ఎల్మర్ గారు వ్యానెక్కి పనామా వెళ్ళి, వేయించిన చేప తిని, కొత్త మనిషై వస్తారు. కొత్తదనం పాస్‌పోర్టు వరకే.

ఓతిలియాను పెళ్ళి చేసుకుంటే ఈ తిరుగుడు తప్పుతుందని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎల్మర్ గారికి మాత్రం సిద్ధాంతం అడ్డొస్తుంది. "ప్రేమకు ప్రభుత్వ ముద్రా? కాగితం మీద సంతకం పడ్డ మరుక్షణం మనిషి స్వేచ్ఛ చచ్చిపోతుంది!" అని ఊయలలోంచి ఉపన్యసిస్తారు. కిందటిసారి ఆ ఉపన్యాసం ఇచ్చే నాటికి ఆయన పాస్‌పోర్టులో ప్రభుత్వ ముద్ర వేయడానికి ఖాళీ పేజీ మిగలక కొత్తది తెప్పించుకోవలసి వచ్చింది.

"అక్కా, నిన్ను కట్టుకోవడం కంటే ఆ గతుకుల వ్యానే నయమనుకుంటున్నాడే నీ మహానుభావుడు" అంటుంది చెల్లెలు నిదియా.

"వ్యాను ఎదురు మాట్లాడదు కదే" అంటుంది ఓతిలియా, అరటికాయ ముక్కలు నూనెలో తిరగేస్తూ.

నిజానికి ఆమె కోరిక చాలా చిన్నది. నలుగురిలో ఎవరైనా "ఈయన మీ ఆయనేనా?" అని అడగాలి. ఆయన పక్కనే నిలబడి వినాలి. తను అవునని చెప్పాలి. పన్నెండేళ్ళుగా ఊరు ఆ ప్రశ్న అడగలేదు. మర్యాదగల ఊరు కనుక వెనకాల మాత్రమే అడిగేది.

ఈసారి ప్రయాణానికి ఓతిలియా కూడా బయలుదేరింది. సరిహద్దు ఊళ్ళో ఒకే వీధికి ఈ వైపు కోస్టారికా, ఆ వైపు పనామా. ఆ వైపు దుప్పట్లు చవక. తోబియాస్ నడిపే వ్యాను నిండా దుప్పట్ల కోసం పోయే ఆడవాళ్ళూ, సంచులు మోయడానికి వాళ్ళు వెంట తెచ్చుకున్న మొగుళ్ళూ. వాళ్ళ మధ్య ఎల్మర్ గారు పర్యాటక వేషంలో ఉన్నారు: గడ్డి టోపీ, పూల చొక్కా, మెడలో ఎన్నడూ పనిచేయని కెమెరా. చొక్కా ఇస్త్రీ చేసింది ఓతిలియా. టోపీ ఎక్కడుందో వెతికి ఇచ్చిందీ ఆమే.

వెళ్ళడం సుఖంగానే జరిగింది. దుప్పట్లు కొన్నారు, చేప తిన్నారు. తిరుగుదారిలో ఇటువైపు ముద్రలు వేసే కిటికీ దగ్గర చిక్కొచ్చిపడింది. అక్కడ ఒక కొత్త అధికారిణి కూర్చుంది. ఆమెకు పాత పాస్‌పోర్టులు కూడా అడిగి చదివే దురలవాటు ఉంది.

"పన్నెండేళ్ళుగా పర్యాటకులా! మా దేశంలో ఏమేం చూశారు సార్?"

ఎల్మర్ గారు ఆలోచించారు. "అగ్నిపర్వతం చూద్దామనుకున్నాను. మబ్బు పట్టింది."

"పన్నెండేళ్ళూనా?"

"సముద్రం దగ్గర ఎండ ఎక్కువ."

అధికారిణి కలం కింద పెట్టింది. "మీరు చూడ్డానికి రాలేదు సార్. ఇక్కడ కాపురం ఉంటున్నారు. కాపురస్థులకు పర్యాటక ముద్ర వేయను. ఈ రాత్రికి పనామాలోనే పడుకోండి."

ఎల్మర్ గారి ముఖం పూల చొక్కా మీద తెల్ల పువ్వులా వెలిసిపోయింది. "కాపురమా? నేనా? దేవుడి సాక్షిగా లేదమ్మా!"

"అదీ చూద్దాం. మీరుండే ఇంట్లో పంచదార ఎక్కడ పెడతారు?"

"కప్పులోనే ఉంటుంది. కాఫీతోపాటే వస్తుంది."

"చెత్తబండి ఏ రోజు వస్తుంది?"

"చెత్తకి బండి ఉందా?"

"పక్కింటావిడ పేరు?"

"పక్కన ఇల్లుందా?" అనలేదు గాని, అన్నంత పనీ చేశారు. వెనక వరుసలో ఆడవాళ్ళు దుప్పట్లలో ముఖాలు దాచుకుని నవ్వుతున్నారు. ఎల్మర్ గారు ఒక్క అబద్ధమూ ఆడలేదని మనవి. ఇంత నిజాయితీపరుణ్ణి ఏ దేశమైనా సరిహద్దులో ఆపడం అన్యాయం.

అధికారిణికి సందేహం పట్టుకుంది. ఓతిలియా వైపు తిరిగింది. "అమ్మా, ఉన్నమాట చెప్పండి. ఈయన మీ ఆయనేనా? అవునంటే అవునని రాసుకుని లోపలికి పంపిస్తాను. తర్వాత మీరిద్దరూ పెళ్ళి కాగితాలు చేయించుకోవాలి."

ఎల్మర్ గారు "కాదని చెప్పు, కాదని చెప్పు" అని కళ్ళతో వేడుకుంటున్నారు. నలుగురున్నారు, ప్రశ్న వచ్చింది, ఆయన పక్కనే నిలబడి వింటున్నారు. పన్నెండేళ్ళుగా నోట్లో నానుతున్న జవాబు పెదవి దాకా వచ్చింది. ఓతిలియా ఆయన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. రెండు చేతులా దుప్పట్ల సంచులు ఆమెవి. ఆయన చేతుల్లో ఏమీ లేదు.

"కాదమ్మా, టూరిస్టే" అంది. "మా ఇంట్లో దిగారు. తింటారు, పడుకుంటారు, బాగుంది బాగుంది అంటారు. పళ్ళెం తీసిన పాపాన పోలేదు. నాకు జ్వరం వస్తే, ఈవేళ భోజనం ఆలస్యమా అని అడుగుతారు. ఇంతకంటే అసలైన టూరిస్టు మీకు దొరకడు."

అధికారిణి ముద్ర చేతిలోకి తీసుకుంది. "చూసినవాళ్ళు చెబుతున్నారు కనుక నమ్ముతాను. ఎన్నాళ్ళు వేయమంటారు?"

"చూశావా ఓతిలియా, ఎంత తేలిగ్గా తేలిపోయిందో! మూడు నెలలు అని చెప్పు" అన్నారు ఎల్మర్ గారు సంతోషం పట్టలేక.

"ఆదివారం దాకా చాలమ్మా" అంది ఓతిలియా. "ఆ లోపు అంట్లు తోమడం నేర్చుకుంటే, పొడిగింపు సంగతి నేను ఆలోచిస్తాను."

ముద్ర పడింది. ఎల్మర్ గారు రెండు సంచులూ అందుకున్నారు. ఎవరూ అడగకుండానే అందుకున్నారని తోబియాస్ ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు.

అంతటితో ఆ రోజు పని ముగియలేదు. వెనక వరుసలోని ఇల్లాళ్ళు ఒక్కొక్కరే తమ మొగుళ్ళను చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు తెచ్చారు. అందరూ ఈ గడ్డమీద పుట్టినవాళ్ళే, అందరికీ గుర్తింపు కార్డులున్నాయి. "వీడిక్కూడా ఒక ముద్ర వేయండమ్మా, గడువు చిన్నదైనా పర్వాలేదు" అని ప్రాధేయపడ్డారు. స్వదేశీయులకు పర్యాటక వీసా ఇచ్చే అధికారం తనకు లేదని అధికారిణి విచారం వెలిబుచ్చింది.

ఈ కథను వాలుకుర్చీలో చదువుతున్న పాఠక మహాశయులు కంగారు పడనక్కర్లేదు. తమ గడువు ఎప్పుడో తీరిపోయిన మాట వాస్తవమే. ముద్ర వేయవలసిన అధికారిణి ప్రస్తుతం వంటింట్లో ఉంది. పని ఒత్తిడి వల్ల ఆమె ఇంకా తేదీ చూసుకోలేదు.