కొమురవ్వకు ఇరవై నిమిషాల లైన్ క్లియర్

పరుపుబండ సబ్‌స్టేషన్‌లో ఎర్తింగ్‌కు భూమి పనికిరాదని తేలినందువల్ల భూమికి బదులు కొమురవ్వను వేశారు. వేసి తొమ్మిది నెలలైంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదని రికార్డు చెబుతోంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కరెంటు రావడానికి ఒక దారి ఉన్నట్టే, తోవ తప్పిన కరెంటు నేలలోకి దిగిపోవడానికి ఇంకో దారి ఉండాలి. లేకపోతే అది ముట్టుకున్నవాడి ఒంట్లోంచి దిగుతుంది. అందుకే ప్రతి సబ్‌స్టేషన్‌లో గుంతలు తవ్వి, పైపులు దించి, ఉప్పూ బొగ్గూ నింపి, రోజూ నీళ్ళు పోస్తారు. పరుపుబండలో రెండడుగులు తవ్వేసరికి రాయి తగిలింది. నాలుగు చోట్ల తవ్వారు, నాలుగు చోట్లా రాయే. తవ్వినదాన్ని తవ్వలేదని రాయడం కుదరదు కనుక వాటిని ఒకటి నుంచి నాలుగు నంబర్ల ఎర్తులుగా రాసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్లు దిగాయి, కంచె లేచింది, ప్రారంభోత్సవానికి ముహూర్తం కూడా ఖాయమైంది. మీటరు ఒక్కటే మొండికేసి ఎర్త్ లేదని చూపిస్తూ కూర్చుంది.

ఏఈ విద్యాసాగర్ నెమ్మదస్తుడు, చేతిలో పని ఆగితే అన్నం సహించని మనిషి. ఊరందరి చేతా చెప్పులు విప్పించి, బడి ముందు వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి మడమకు క్లిప్పు తగిలించి మీటరు తిప్పాడు. సర్పంచి కాళ్ళలోంచి కరెంటు అసలు దిగనే లేదు. కొమురవ్వ భర్త ఐలయ్యకు నలభై ఓముల నిరోధం వచ్చింది. కొమురవ్వ దగ్గర మాత్రం ముల్లు అర ఓము దగ్గర ఆగింది. ఒకటి దాటకూడదని రూలు. నలభై ఏళ్ళు ఊళ్ళోని ప్రతి మడిలోనూ దిగి నాట్లేసిన కాళ్ళవి. బురద ఎక్కడ ఆగిందో, మనిషి ఎక్కడ మొదలైందో మీటరుకు అంతుబట్టలేదు.

"మా కొమురవ్వకు భూదేవంత ఓర్పు సార్" అన్నాడు సర్పంచి.

"అది కాయితం మీద రాసియ్యండి, ఫైల్ల పెడత" అన్నాడు ఏఈ.

కొమురవ్వ అడిగింది రెండే మాటలు. "ఎన్నొద్దులు నిలవడాలె సారూ?"

"రెండు మూడు నెలలే పెద్దమ్మా. మందు పోసి చేసే ఎర్తింగు శాంక్షన్ కాంగనే నిన్ను ఇడిసిపెడ్తం."

"నొస్తదా?"

"చీమలు పారినట్టుంటది, అంతే" అన్నాడు ఏఈ. ఆయన ఎప్పుడూ నిలబడి చూడలేదు గానీ, చెప్పిన తీరు మాత్రం ధైర్యంగానే ఉంది.

అలా ఆమె ఐదో నంబరు ఎర్త్ అయింది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రాగిరేకు పరిచి, పైన రేకుల కప్పు వేశారు. కూర్చోవచ్చు, కునుకు తీయవచ్చు, అరికాళ్ళు మాత్రం రేకు మీంచి లేవకూడదు. పొద్దునా సాయంత్రం ఆపరేటర్ మొగిలయ్య రెండేసి బిందెల ఉప్పునీళ్ళు ఆమె కాళ్ళ మీద కుమ్మరించేవాడు. ఊళ్ళో నల్లా నాలుగు రోజులకోసారి వస్తుంది. అయినా ఎర్త్ ఎండకూడదు కదా. ఆమెను ఉత్తచేతుల్తో ముట్టుకోవద్దని ఎర్రక్షరాలతో బోర్డు పెట్టారు. ఐలయ్య రబ్బరు చేతొడుగులు వేసుకుని, పుస్తకంలో వేలిముద్ర వేసి, భార్యకు ముద్దలు కలిపి పెట్టేవాడు. చేతొడుగుల జత ఒక్కటే ఉండేది. దాన్ని లైన్‌మన్ పట్టుకుపోయిన రోజు, అతను తిరిగొచ్చేదాకా కొమురవ్వ పస్తే.

ఆమె ఇల్లు కంచెకు పన్నెండు అడుగుల అవతల ఉంది. ఆ ఇంటికి కరెంటు కావాలని ఐలయ్య పెట్టుకున్న దరఖాస్తు, ఎర్త్‌గా ఉన్నవారు వినియోగదారులు కాజాలరని తిరిగి వచ్చింది. నిజమే మరి. ఇచ్చిన కరెంటును ఆ ఇంటి మనిషే మింగేస్తుంటే లెక్క ఎలా తేలుతుంది?

ఊరికి మాత్రం మంచి జరిగింది, కాదంటే కళ్ళు పోతాయి. అంతకుముందు ఏటా ఒకరో ఇద్దరో మోటారు స్టార్టరు ముట్టుకుని చేలోనే పడిపోయేవారు. ఈ తొమ్మిది నెలల్లో ఒక్కరూ పోలేదు. ఎవరింట్లో ఇస్త్రీపెట్టె పాడైనా, ఎవరి కూలరుకు తడి తగిలినా, ముందు కొమురవ్వ మోకాళ్ళకు తెలిసేది. "నర్సింగం ఇంట్ల గ్రైండరు సక్కగ లేదు, సూసుకోమను తమ్మీ" అని మొగిలయ్యతో చెప్పి పంపేది. అటుగా వెళ్ళేవాళ్ళు దూరం నుంచే దండం పెట్టేవారు. మందు ఎర్తింగు ఫైలు మీద, ఉన్న ఎర్తు బ్రహ్మాండంగా పనిచేస్తున్నందున అవసరం లేదని ఎవరో పెద్దాయన రాశాడు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొమురవ్వ ఎవరినీ ఏమీ అడగలేదు. కూతురు రజిత తొలుసూరు కాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఆడపిల్లను కన్నాక మాత్రం నోరు తెరిచింది. మనుమరాలిని కాళ్ళ మీద పండుకోబెట్టి నీళ్ళు పోయాలి. కాళ్ళు చాపి, పిల్లను బోర్లా వేసుకుని, నూనె రుద్ది, శనగపిండి రాసి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తే గానీ పిల్లకు నడుం నిలవదు. ఆ పని అమ్మమ్మది. ఆమెకు ఇంకేమీ వద్దు, ఆ ఒక్కసారి చాలు.

"ఎల్‌సి తీసుకోవాలె అక్కా" అన్నాడు మొగిలయ్య. ఎల్‌సి అంటే లైన్ క్లియర్. పని చేసేవాళ్ళు ముందుగా రాసిచ్చి, లైను ఆపించి, పని అయ్యాక తిరిగి అప్పజెప్పడం. ఫారంలో చేయవలసిన పని అన్న గడిలో అతను శిశువుకు స్నానం అని రాశాడు. నెల తర్వాత, అటువంటి పని జాబితాలో లేదని ఫారం తిరిగొచ్చింది. మొగిలయ్య ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడు. ఈసారి ఇన్సులేటర్లు కడుగుట అని రాశాడు. అయినా ఇంకో రెండు నెలలు పట్టింది. గురువారం పొద్దున పది నుంచి పది ఇరవై దాకా మంజూరైంది. పిల్లకు అప్పటికి నాలుగో నెల.

ఊళ్ళో డప్పు కొట్టి చాటారు. ఏ కారణమూ చెప్పకుండా ఆరు గంటలు కరెంటు తీసినా నోరెత్తని ఊరు, కారణం చెప్పి ఇరవై నిమిషాలు తీస్తామనేసరికి గుండెలు బాదుకుంది. వరి పొట్ట మీదుంది, ఇప్పుడే తీయాలా అన్నారు. అయినా ఎవరూ వద్దని మొహం మీద అనలేదు. కొమురవ్వంటే అందరికీ గౌరవం.

గురువారం పది గంటలకు మొగిలయ్య స్విచ్ దించాడు. ట్రాన్స్‌ఫార్మర్ మోత ఆగింది. కొమురవ్వ రేకు మీంచి కాలు ఎత్తింది. నడక మరిచిపోయిన కాళ్ళు రెండుసార్లు తడబడ్డాయి. ఇంటి ముందు బండ మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు చాపింది.

రజిత పిల్లను ఎత్తుకుని వెనకాడింది. "అవ్వా, పిల్లకేం గాదు గదా?"

మొగిలయ్య జేబులోంచి టెస్టర్ తీసి కొమురవ్వ మోకాలికి ఆనించాడు. దీపం వెలగలేదు. "ఇయ్యి బిడ్డా, ఏం గాదు" అన్నాడు.

పిల్ల ఒళ్ళు ఆమె కాళ్ళకు తగిలింది. తొమ్మిది నెలల తర్వాత మనిషి చర్మం. కొమురవ్వకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే నూనె రాసింది, ఏడుస్తూనే పిల్ల నడుం ఒత్తింది. పిల్ల ఏడవలేదు. అమ్మమ్మ కాలివేళ్ళను చూస్తూ హాయిగా చొల్లు కార్చింది.

తల ఎత్తితే గోడవతల మనుషులు. మొదట ముగ్గురు, తర్వాత పది మంది, చూస్తుండగానే ముప్పై మంది దాకా వచ్చి నిలబడ్డారు. ఆగిన మోటార్ల దగ్గర నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, కాళ్ళకు బురద ఇంకా ఆరలేదు. ఆ నిలబడ్డవాళ్ళలో సగం మందికి పసితనంలో నీళ్ళు పోసింది ఆమే. సెల్‌ఫోన్లలో టైము చూసుకుంటున్నారు.

"నిమ్మళంగ పొయ్యవ్వా" అన్నాడు సర్పంచి. "మాకేం తొందర లేదు."

"తొందరేం లేదత్తా" అంది నర్సింగం భార్య. "పారకం మధ్యల ఆగింది. అంతే."

"మా ముసలాయినకు ఆవిరి పట్టే మిషినున్నది" అన్నారెవరో వెనక నుంచి. "అయినా ఓర్సుకుంటడు తియ్యి."

కొమురవ్వ చేతులు వేగం పెంచాయి. శనగపిండి వీపుకు రాసింది, తలకు రాసింది, ఒక చెంబు పోసింది. రెండో చెంబు సగంలో ఆపి పిల్లను రజిత చేతుల్లో పెట్టేసింది.

"అవ్వా, తల మీద పిండి పోనే లేదు!"

"నువ్వు కడుగు బిడ్డా, కండ్లల్ల పడకుంట సూడు" అంటూనే కంచె వైపు నడిచింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. జనం పక్కకు జరిగి మర్యాదగా దారి ఇచ్చారు.

"ఇంక తొమ్మిది నిమిషాలున్నయక్కా" అన్నాడు మొగిలయ్య.

"వరి పొట్ట మీదున్నది తమ్మీ" అని ఆమె రేకు ఎక్కింది.

పది పదకొండుకు మోటార్లన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి. వెనక ఇంట్లో కళ్ళలో పిండి పడ్డ పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పుస్తకంలో మొగిలయ్య పని పూర్తయిందని రాశాడు, రాస్తూ తల ఎత్తలేదు.

ఆ నెలాఖరుకు పైనుంచి ఉత్తరం వచ్చింది. మంజూరు చేసిన సమయానికన్నా తొమ్మిది నిమిషాలు ముందే లైను అప్పగించినందుకు పరుపుబండ సిబ్బందిని మెచ్చుకున్నారు. ఈ పనికి ఇరవై నిమిషాలు అనవసరమని రుజువైనందున, ఇకమీదట ఏడాదికోసారి పదకొండు నిమిషాలే ఇవ్వాలని నిర్ణయించారు. మొగిలయ్య ఆ ఉత్తరం రెండుసార్లు మనసులో చదువుకుని, మూడోసారి ఆమెకు వినిపించాడు. అప్పటికి రజిత పిల్లను తీసుకుని అత్తగారింటికి వెళ్ళిపోయింది.

కొమురవ్వ కాసేపు లెక్క వేసుకుంది.

"సరిపోతది తమ్మీ" అంది. "తలకు పొయ్యకుంటే సరిపోతది."