ఆగితే కదలని కారు

ఆ రోజు ఉదయం బసవపున్నారావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి పాత జమీందారీ బంగళాకు వెళ్లి, అమ్మకానికి పెట్టిన కారు చూడాలి. ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చి టిఫిను తినాలి. బీరువాలో పెట్టిన అడ్వాన్సు డబ్బు తీసుకుని, పదింటికల్లా రెడ్డిగూడెం రోడ్డులో ఉన్న రాఘవయ్య తోటకు వెళ్లి, ఆ ఏటి కాపు ఖాయం చేసుకోవాలి. కారు సంగతి మాత్రం భార్య పుష్పవతికి తెలియకూడదు.

నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసేవాళ్లలో అతనికి జాగ్రత్తపరుడని పేరు. బుట్ట పైవరస చూసి కాయ కొనడు. అడుగున చెయ్యి పెట్టి తీసి, వాసన చూసి, తొడిమ దగ్గర నొక్కిగానీ ధర చెప్పడు. అలాంటివాడు నలభై ఆరేళ్ల వయసులో రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్సు కారు కొనాలనుకున్నాడంటే నమ్మడం కష్టం. కానీ అతనికి పాతికేళ్లప్పుడు, నెత్తిన బుట్టతో నడిచి వస్తుంటే, బంగళా తాలూకు కుర్రవాళ్లు ఆ కారులోనే అతన్ని దాటిపోయారు. నోట్లో పడిన దుమ్ము ఆ సాయంత్రానికే పోయింది. ఆ ఇంజను చప్పుడు మాత్రం చెవిలోంచి పోలేదు. అది 1942. ఇప్పుడు 1963. జమీందారీలు పోయాయి, కుర్రవాళ్లు పోయారు, కారు అమ్మకానికి వచ్చింది.

కారును పరీక్ష చేయడానికి హనుమాన్ జంక్షన్ నుంచి సువర్ణరాజును పిలిపించాడు. సువర్ణరాజు పాతికేళ్లుగా లారీలు బాగుచేస్తున్నవాడు. బండి దగ్గరకు రాగానే ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు.

"చల్లగానే ఉందండి. మనం వచ్చేలోపల వేడి చేసి ఉంచలేదు. మోసం లేదన్నమాట" అన్నాడు.

తర్వాత ఆయిలు పుల్ల తీసి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు. చక్రాలు పట్టుకుని ఊపాడు. బండి కింద నేల మీద చుక్కలున్నాయేమోనని పడుకుని చూశాడు. ఉన్నాయి. బసవపున్నారావు తన పద్ధతి ప్రకారం అడుగున చెయ్యి పెట్టాలని కాళ్ల దగ్గరి పట్టా ఎత్తాడు. పట్టా కింద రేకు తుప్పు పట్టి, అరచేతి వెడల్పున నేల కనిపించింది.

బండి యజమాని వెంకటకృష్ణారావు అరుగు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, ఒంటరివాడు. ఆ రోజే బంగళాకు తాళం వేసి మద్రాసులో చెల్లెలి దగ్గరకు వెళ్లిపోతున్నాడు.

"అదొక్కటే కాదండీ" అన్నాడు ఆయన మెత్తగా. "బ్రేకు మూడుసార్లు తొక్కాలి, నాలుగోసారికి పడుతుంది. నీళ్లు కారతాయి. హారను కుడివైపు తిరిగినప్పుడు దానంతటదే మోగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బండిని నిలబెడితే ఇంజను ఆగిపోతుంది. వేడి మీద ఆగిందంటే చల్లారేదాకా మళ్లీ లేవదు. నా మాట విని కొనకుండా ఉంటేనే మంచిది."

ఈ మాటలు విన్న బసవపున్నారావుకు కారు మీద గురి కుదిరింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో తన సరుకును తానే తిట్టుకున్న మనిషి అతనికి తగల్లేదు. సువర్ణరాజును పక్కకు లాగి, "చూశావా, ఎవరో పెద్ద బేరం తగిలింది. మనల్ని తప్పించాలని చూస్తున్నాడు" అన్నాడు.

"ఉన్నదే చెప్తున్నాడేమోనండి" అన్నాడు సువర్ణరాజు.

"అమ్మేవాడు ఉన్నదున్నట్టు చెప్తాడా ఎక్కడైనా? నడిపి చూద్దాం పద."

రెండే సీట్లు కాబట్టి వెంకటకృష్ణారావు రాలేదు. బసవపున్నారావుకు ఒక స్నేహితుడి జీపు మీద చెయ్యి తిరిగింది. స్టీరింగు అతనికే ఇచ్చాడు సువర్ణరాజు. "మీరు తోలండి, నేను వింటాను. తోలేవాడికి బండి ఎప్పుడూ బాగానే వినపడుద్ది" అన్నాడు.

మొదటి రెండు మైళ్లలో దొరికినంత సుఖం బసవపున్నారావు జీవితంలో ఎరగడు. రోడ్డుకు రెండువైపులా తోటలు, పిందె పట్టిన కొమ్మలు, మొహానికి గాలి. వెనక్కి తిప్పుదామనుకునేసరికి గేరుబాక్సులో ఎవరో మరమరాలు నములుతున్నట్టు చప్పుడు మొదలైంది.

"ఆపకండి" అన్నాడు సువర్ణరాజు. "ఎక్కడ నములుతుందో పట్టుకోవాలి. నాతో మాట్లాడకండి." అని సీటు మీద తలకిందులుగా తిరిగి, తల కాళ్లు పెట్టుకునేచోట దూర్చి, చెవి రేకుకు ఆనించాడు. కాళ్లు రెండూ తలుపు మీదుగా బయటికి వేలాడాయి. వినే పనిలో పడ్డాక అతను కదలడు.

సరిగ్గా అప్పుడే ఇరుకు కల్వర్టు దగ్గర నూజివీడు వెళ్లే బస్సు ఎదురైంది. బసవపున్నారావు బ్రేకు మూడుసార్లు తొక్కాడు. నాలుగోసారి తొక్కే వ్యవధి లేదు. బస్సుకూ గోడకూ మధ్యనుంచి కారు ఎలా దూరిందో అతనికే తెలియదు. అతని మొహం పాలిపోయింది. కిటికీల్లోంచి కిందికి చూసిన బస్సు జనానికి కనిపించింది ఆ పాలిపోయిన మొహమూ, పక్కన తలకిందులుగా పడి కదలని మనిషీ, వేలాడే రెండు కాళ్లూ.

"ఆగండి, ఎవరికి ఏమైంది?" అని కండక్టరు అరిచాడు. బసవపున్నారావు ఆగలేదు. ఆగితే కారు మళ్లీ కదలదు.

ఇంకొంత దూరంలో రాఘవయ్య తోట వచ్చింది. పద్దెనిమిదెకరాలు, అన్నీ చిన్నరసాలు. పదకొండేళ్లుగా నోటిమాట మీద ఆ కాపు బసవపున్నారావుదే. రాఘవయ్య గట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతని పక్కన చింతలపూడి వ్యాపారి పోతురాజు ఉన్నాడు. పోతురాజు ఆ తోటకోసం నాలుగేళ్లుగా తిరుగుతున్నాడు.

రాఘవయ్య చెయ్యి ఊపాడు. "పున్నారావుగారూ, ఇంత పొద్దున్నే వచ్చారేంటి? దిగండి, తోట ఖాయం చేసుకుందాం" అన్నాడు.

"వస్తా, పదింటికి వస్తా" అని బసవపున్నారావు అరిచాడు, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి అడ్డంగా ఊపుతూ. రోడ్డు కుడివైపుకు తిరగడంతో హారను దానంతటదే మోగడం మొదలుపెట్టింది. ఆ మోతలో మాట మొదటి అక్షరం మాత్రమే రాఘవయ్యకు చేరింది. మిగతాది ఊపిన చెయ్యి చూసి తనే పూరించుకున్నాడు.

"వద్దంట" అన్నాడు రాఘవయ్య పోతురాజు వైపు తిరిగి. "పదకొండేళ్ల మనిషి. బండి దిగైనా చెప్పలేదు."

కారు తిప్పుకోవడానికి ఆగకుండా తిరిగేంత చోటు కావాలి. అది రెడ్డిగూడెం దాకా దొరకలేదు. ఊరి మధ్య ఖాళీస్థలంలో రెండుసార్లు గుండ్రంగా తిరిగి మళ్లీ నూజివీడు దారి పట్టాడు. మోగుతున్న హారను విని జనం బయటికి వచ్చారు. అతను ఎవరి మొహమూ చూడలేదు. తోట ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగా, చిన్న ఎత్తు ఎక్కేచోట, ముందునుంచి ఆవిరి లేచింది. కారు రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

సువర్ణరాజు తల పైకి తీశాడు. "దొరికిందండి" అన్నాడు.

"ఏంటి దొరికింది?"

"చప్పుడు. గేరుబాక్సు కాదు. మొత్తం బండి."

బసవపున్నారావు తోటదాకా నడిచి వెళ్లాడు. అతను వెళ్లేసరికి పాకలో తమలపాకులు వేసుకుంటున్నారు. పోతురాజు అడ్వాన్సు రాఘవయ్య పైపంచె కొంగున ముడివేసి ఉంది.

"రాఘవయ్యా, నేను వస్తానన్నాను" అన్నాడు బసవపున్నారావు.

"వద్దన్నారండి. చెయ్యి కూడా ఊపారు."

"వస్తా అన్నాను. ఆగితే బండి కదలదని ఆగలేదు."

రాఘవయ్య అతన్నీ, దూరాన ఆవిరి కక్కుతున్న ఎర్ర కారునూ మార్చి మార్చి చూశాడు. అతని కళ్లలో కోపం లేదు, బాధే ఉంది. "అట్టాంటి బండి ఎందుకెక్కారండి?" అని అడిగాడు. బసవపున్నారావు ఆ కొంగుముడి వంక చూశాడు. "మాటిచ్చేశానండి" అన్నాడు రాఘవయ్య మళ్లీ. మాట ఇచ్చాక రాఘవయ్య తిప్పుకోడని అందరికంటే బాగా తెలిసినవాడు బసవపున్నారావే. ఆ మాట మీదే పదకొండేళ్లు బతికాడు.

పోతురాజు మంచివాడు. అదే భరించలేకుండా ఉంది. "నా లారీ నూజివీడే వెళ్తుందండి, తాడు కట్టి లాగిస్తాను" అన్నాడు. చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇప్పించాడు.

లారీ వెనక తాడుకు వేలాడుతూ, దాని పొగ మొహాన పడుతుంటే, బసవపున్నారావు తన బతుకు గురించి ఆలోచించాడు. తోట పోయింది. సీజను మొదలవబోతుంటే చేతిలో కాపు లేదు. మిగతా తోటలన్నీ ఎవరికి వాళ్లు పిందె మీదే మాట్లాడేసుకున్నారు. కూలీలకు ఏం చెప్పాలి, పుష్పవతికి ఏం చెప్పాలి. ఏడవాలనిపించింది కానీ స్టీరింగు వదలడానికి వీల్లేదు. ఒక్కటే ఊరట. ఈ దరిద్రం తనది కాదు. బంగళా ముందు దించేసి, దండం పెట్టి, నడిచి ఇంటికి పోవచ్చు.

ఈలోగా నూజివీడులో బస్సు దిగినవాళ్లు తమకు కనిపించింది చెప్పారు. బస్టాండులో ఒక మనిషికి దెబ్బ తగిలింది. బజారుకు వచ్చేసరికి ఆ మనిషి చచ్చిపోయాడు. బసవపున్నారావు ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, పున్నారావుగారు బంగళా కారుతో మనిషిని చంపి, శవాన్ని పక్కన వేసుకుని పారిపోతున్నారు.

"కారేంటి? ఆయనకు కారెక్కడిది?" అంది పుష్పవతి. తర్వాత కూలబడిపోయింది.

ఆమె తమ్ముడు యలమంద తాలూకాఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాస్తాడు. ఎంత ఘోరమైనా ఒక స్టాంపు కాగితంతో సర్దుకుంటుందని అతని నమ్మకం. "అక్కా, ఏడవకు. శవం సంగతి తర్వాత చూద్దాం. ముందు కారుగలాయన పోలీసుల దగ్గరికి వెళ్లకుండా చూడాలి. కారు మనదే అయితే ఆయనకు ఫిర్యాదు చేసే హక్కే ఉండదు. ఇంట్లో డబ్బెంతుంది?" అన్నాడు.

బీరువాలో ఉన్న డబ్బు తీసుకుని ఇద్దరూ రిక్షాలో బంగళాకు వెళ్లారు. వెంకటకృష్ణారావు పెట్టె సర్దుకుంటున్నాడు. విషయం విని ఆయన కంగారుపడ్డాడు. "బండి పోతే పోయిందమ్మా. మనుషులు క్షేమంగా ఉంటే చాలు. నాకు డబ్బు వద్దు" అన్నాడు.

యలమంద అక్క చెవిలో, "ఇంత మెత్తగా మాట్లాడుతున్నాడంటే కేసు పెట్టడం ఖాయం" అన్నాడు.

ఆయన మూడుసార్లు వద్దన్నాడు. పుష్పవతి మూడుసార్లూ ఏడ్చింది. చివరికి ఆ ఏడుపు చూడలేక సంతకం పెట్టాడు. ఎవరూ బేరమాడలేదు. ఆయన మొదట ఎంత అనుకున్నాడో అంతా తీసుకున్నాడు. దస్తావేజు యలమంద స్వయంగా, ఎంతో గట్టిగా రాశాడు. ఏ కారణం చేతనైనా సరే, అమ్మినవారు డబ్బు, కొన్నవారు కారు తిరిగి ఇవ్వడానికి ఎన్నటికీ వీల్లేదని రెండుచోట్ల రాశాడు. పదకొండింటి బస్సుకు వెంకటకృష్ణారావు మద్రాసు ప్రయాణమై వెళ్లిపోయాడు.

లారీ వెనక ఎర్ర కారు బంగళా ముందు ఆగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. తలుపుకు తాళం. అరుగు మీద పుష్పవతి, యలమంద, ఊళ్లో సగం మంది ఉన్నారు. చచ్చినవాడి కాళ్లను గుర్తుపట్టిన కండక్టరు సువర్ణరాజును చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

పుష్పవతి మొగుడి చేతులు, భుజాలు తడిమి చూసింది. "మీకేం కాలేదు కదా" అంది.

"నాకేం కాలేదు. తోట పోయింది" అన్నాడు అతను. "పోనీలే. అడ్వాన్సు బీరువాలో భద్రంగా ఉంది. చిన్నదో పెద్దదో ఇంకో తోట వెతుక్కుందాం. ఈ కారు మాత్రం నేను కొనను. ఊరికే ఇచ్చినా వద్దు."

పుష్పవతి తమ్ముడి వంక చూసింది. యలమంద గొంతు సవరించుకుని, జేబులోంచి మడత పెట్టిన స్టాంపు కాగితం తీశాడు.

"బావా, కంగారుపడకు. చాలా గట్టిగా రాశాను" అన్నాడు.

బసవపున్నారావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. దానికి గుచ్చి ఇంకో కాగితం ఉంది. కొన్నవారు మోసపోకూడదని వెంకటకృష్ణారావు తన చేత్తో రాసిపెట్టిన బండి లోపాలు, వరుసగా ముప్పై ఒకటి. ఆయన పొద్దున చెప్పింది నాలుగే.

బసవపున్నారావు మెట్టు మీద కూర్చున్నాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. పోతురాజు తాడు విప్పుకుని వెళ్లిపోయాడు. సువర్ణరాజు మాత్రం చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఇంతసేపు విన్నావు కదా, సువర్ణరాజూ" అన్నాడు బసవపున్నారావు నేలకేసి చూస్తూ. "ఉన్నమాట చెప్పు. బండి ఎలాంటిది?"

సువర్ణరాజు ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"అమ్మినాయనకి మంచి బండేనండి" అన్నాడు.